చీటీ, మెమో, వాట్సాప్ మెసేజ్: ఎదురు ఫోన్ రాకుండా రాయడం ఎలా

"ఫలానా ఆయనకి మెమో ఇచ్చారంట" అని ఆఫీసులో ఎవరన్నా అంటే, వినేవాళ్లకి ముందు వచ్చే అనుమానం ఆయన ఏం తప్పు చేశాడా అని. పదో తరగతి పిలకాయలకి అదే మాట మార్కుల కాగితం. బట్టల కొట్లో క్యాష్ మెమో అంటే బిల్లు. మూడింటికీ మూలం ఒకటే. లాటిన్‌లో మెమోరాండం అంటే గుర్తుంచుకోవలసిన సంగతి. మనిషిని బెదిరించడానికి కాదు, పని మరుపున పడకుండా ఉండటానికి పుట్టిన కాగితం అది. రొయ్యల గుంట గట్టు మీద రాత్రి కాపలా మనిషి రాసిపెట్టే చీటీ, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో బ్లాకు కొలతల స్లిప్పు, సబ్‌స్టేషన్ రిజిస్టరులో ఒక వరుస, వాట్సాప్ గ్రూపులో రెండు లైన్లు, ఇవన్నీ ఆ కోవలోవే.

ఇలాంటి రాతకి పరీక్ష ఒక్కటే. చదివిన మనిషి మళ్లీ ఫోన్ చేసి "ఏ గుంటన్నా? ఎప్పటికి? ఎవుర్ని చెయ్యమన్నారు?" అని అడగాల్సి వస్తే ఆ చీటీ తప్పినట్టే. రాసినాయన ఇంటికెళ్లి పడుకున్నాక, ఫోన్ స్విచాఫ్ అయ్యాక ఆ కాగితమే ఆయన బదులు మాట్లాడాలి. కాబట్టి దేని గురించి, ఏమైంది, ఎవరు, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా అన్న అయిదూ అందులో ఉండాలి. మర్యాదలు, ఉపోద్ఘాతం తర్వాత సంగతి.

ముందు జారిపోయేది "ఎవరు"

తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. "మోటారు బాగు చేయించాలి." వ్యాకరణంలో తప్పేం లేదు. గ్రూపులో 14 మంది ఉంటే 14 మందీ చదివి, మిగతా 13 మందిలో ఎవరో చూసుకుంటారులే అనుకుంటారు. మాట్లాడేటప్పుడు ఎదుట మనిషి ఉంటాడు, చూపుతోనే పని అప్పజెప్పేస్తాం. కాగితానికి చూపు లేదు. అందుకని పేరో హోదానో వాక్యం మొదట్లోనే పెట్టండి: "సుబ్బయ్యన్నా, 3వ గుంట మోటారు రేపు 18వ తేదీ ఉదయం 10 లోపల బాగు చేయించు." పెద్దవాళ్లయితే గారు, మీరు. ఎలా పిలిచినా పర్వాలేదు, పిలవడం మాత్రం మానకూడదు.

రెండు అర్థాలొచ్చే క్రియలతోనూ జాగ్రత్త. "నీళ్లు కట్టేయండి" అంటే మడికి నీళ్లు పెట్టమనా, గండి మూసి ఆపేయమనా? "చూడండి" అంటే చదివి ఊరుకోమనా, వెళ్లి సరిచేయమనా? "పెట్టండి, ఆపండి, మార్చండి, కొలిచి రాయండి" లాంటి మాటలకి ఈ గొడవ లేదు. ఫోనులో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లకి ఇంకో చిక్కు. దీర్ఘాలు, ఒత్తులు మాయమవుతాయి. "ముందు"కీ "మందు"కీ మధ్య ఒక్క అక్షరమే తేడా. "చేస్తాను", "చేశాను" కూడా వేలు జారితే ఒకటే. అయిపోయిన పని గురించి రాసేటప్పుడు "అయింది" అన్న మాట, పక్కన టైము, రెండూ రాస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

రేపు అనే మాటకి విలువ సాయంత్రం దాకానే

తుపాను రోజుల్లో "రేపు సెలవు" అన్న మెసేజి మూడు రోజుల పాటు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి తిరుగుతూనే ఉంటుంది. ప్రతి గ్రూపులోనూ "రేపు" కొత్తగా పుడుతుంది. ఫార్వర్డ్ చేసినప్పుడు అసలు పంపిన తేదీ వెంట రాదు. తేదీ మెసేజి లోపలే ఉండాలి, వారం కూడా పక్కనే ఉంటే ఇంకా మేలు: "20-11-2025, గురువారం". తేదీకి వారం కుదరకపోతే చదివేవాళ్లు పొరపాటు అక్కడే పట్టేస్తారు.

రాత్రి షిఫ్టు ఉన్నచోట 24 గంటల లెక్కే వాడండి. "14వ తేదీ రాత్రి 12 గంటలకి" అంటే 13 ముగిసే క్షణమా, 14 ముగిసే క్షణమా అన్నది సగంమందికి ఒకలా, సగంమందికి ఇంకోలా అర్థమవుతుంది. 14వ తేదీ 23.55 అని రాస్తే తగాదా లేదు. "వీలైనంత త్వరగా" అన్నది గడువు కిందకి రాదు. దాన్ని కొట్టేసి గంట రాయండి.

అంకె పక్కన కొలత

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అంకె తప్పు కావడం తక్కువ. అంకె సరిగ్గానే ఉండి, దాని పక్క కొలత రాసినవాళ్లకి ఒకటి, చదివినవాళ్లకి ఒకటి కావడమే ఎక్కువ.

నెల్లూరు ధాన్యం లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఇక్కడ పుట్టి పెరిగిన గుమస్తాకి అది చెప్పక్కర్లేదు. లోడు వేరే జిల్లా మిల్లుకి పోతోందంటే చెప్పి తీరాలి. "12 పుట్లు" అని వదిలెయ్యకుండా "12 పుట్లు (10,200 కిలోలు)" అని రాయండి. బస్తాలకీ అంతే. బస్తా ఎన్ని కిలోలదో రాయకుండా బస్తాల సంఖ్య రాస్తే వే బ్రిడ్జి దగ్గర గొడవ ఖాయం. స్థలాల లెక్కలో అంకణం కొలత ఊరిని బట్టి మారుతుంది కనుక చదరపు అడుగులు కూడా పక్కన పెట్టాల్సిందే.

రొయ్యల్లో కౌంట్ సంగతి ఇంకా తమాషా. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు. రొయ్య పెరిగేకొద్దీ కౌంట్ అంకె తగ్గుతుంది. గుంట దగ్గర మనిషి "కౌంట్ తగ్గింది" అని సంబరంగా రాస్తే, కొత్తగా చేరిన అకౌంట్స్ కుర్రాడు నష్టం వచ్చిందనుకుంటాడు. "60 నుంచి 50 కౌంట్‌కి వచ్చింది, సైజు పెరిగింది" అని రాయడానికి ఎక్కువ పట్టేది నాలుగు సెకన్లే.

గుంట మీద రాత్రి చీటీ ఎలా ఉండాలో చూడండి. ఏరియేటర్ అంటే నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రం, పిపిఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

"ఆక్సిజన్ తక్కువుంది. ఏరియేటర్ ఆగింది. మేత చూసి వెయ్యండి."

ఉండాల్సింది ఇలా:

"3వ గుంట. 18-11-2025, 02.40. ఆక్సిజన్ 3.1 పిపిఎం. 4 ఏరియేటర్లలో తూర్పు గట్టుది ఆగింది. మిగతా 3 తిరుగుతున్నాయి. 04.00కి మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను. రమణయ్యా, ఉదయం 6 గంటల మేత వెయ్యొద్దు. నేను చెప్పాకే వెయ్యి. ఎలక్ట్రీషియన్‌ని 7 లోపల పిలవాల్సింది సూపర్‌వైజరు గారు."

నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకి దిగేది తెల్లవారుజామున. 4 పిపిఎం కంటే పైన ఉంచాలని చూస్తారు, 3 కిందకి పోతే రొయ్యకి ప్రమాదం. అందుకే "తక్కువుంది" అన్న మాట చాలదు. 3.8 తక్కువే, 2.2 కూడా తక్కువే, కానీ చేయాల్సిన పని రెండింటికీ ఒకటి కాదు. "మేత చూసి వెయ్యండి" అంటే వెయ్యమనే అనుకుంటాడు పొద్దున వచ్చినవాడు.

గ్రానైట్ బ్లాకుల స్లిప్పులో ఇంకో మెళకువ ఉంది. మూడు కొలతలూ రాశాక లెక్కకట్టిన ఘనపరిమాణం కూడా అదే వరుసలో రాయాలి: "బ్లాక్ 118. 280 × 165 × 150 సెం.మీ. = 6.93 ఘ.మీ. (నెట్)". నల్ల గెలాక్సీ రాయి ఘనపు మీటరుకి దాదాపు 3 టన్నులు తూగుతుంది. అంటే ఈ బ్లాకు 20 టన్నుల పైమాటే. రాసేటప్పుడు 150 కాస్తా 105 అయిందనుకోండి, కాగితం మీద 6 టన్నులు మాయమవుతాయి. ఆ కాగితం చూసి క్రేను, లారీ పంపేవాళ్లకి ఆ సంగతి రాయి పైకి లేచే దాకా తెలియదు. ఘ.మీ. అంకె పక్కనే ఉంటే గుణించి చూసుకోగానే తప్పు బయటపడుతుంది. ఇక గ్రాసా (రాయి మొత్తం కొలత), నెట్టా (తరుగు తీసేశాక మిగిలే కొలత) అన్నది రాయని కొలత రాయనట్టే లెక్క. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ తగాదా పడేది ఎక్కువగా ఆ ఒక్క మాట మీదే.

ఇద్దరికీ తెలిసిన సంకేతమే సంకేతం

పొట్టిగా రాయాలని కోడ్ వాడితే దాని అర్థం ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి. తుపాను రోజుల్లో కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికల్నే తీసుకోండి. అవి 1 నుంచి 11 దాకా ఉంటాయి. 11 అన్నిటికంటే పెద్ద గండం అని చాలామంది నమ్మకం. దాని అసలు అర్థం వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అలాగే 5, 6, 7 మూడూ ప్రమాద స్థాయివే, తుపాను రేవుకి ఏ పక్క నుంచి దాటుతుందన్నదే వాటి మధ్య తేడా. మహాప్రమాద స్థాయిలో 8, 9, 10 కూడా అంతే. రేవు సిబ్బందికి ఆ పట్టిక కంఠతా వచ్చు కాబట్టి ఒక్క అంకె సరిపోతుంది. ఊళ్లోవాళ్లకి పంపేటప్పుడు అంకె పక్కన దాని అర్థం కూడా రాయాలి. మీ ఆఫీసులో "ఎస్2 హోల్డ్", "పార్టీ పెండింగ్" లాంటివి తిరుగుతుంటే వాటి పట్టిక ఒకటి రాసి గోడకి అంటించండి. లేకపోతే కొత్తవాళ్లు చేరిన వారంలోనే తేడా కొడుతుంది.

ప్రాణం నిలబెట్టే వరుస: లైన్ క్లియర్

పొట్టి రాతల్లో ఇంత బరువున్నది ఇంకోటి లేదు. కరెంటు స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి., అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. 11 కె.వి. ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) ఆపాం, మళ్లీ నువ్వు చెప్పేదాకా ఛార్జ్ చెయ్యం, అంటే కరెంటు వదలం అన్న హామీ అది. రిజిస్టరులో ఫీడరు పేరు, ఏ భాగంలో పని, ఎవరు తీసుకున్నారు, హోదా, ఎన్నింటికి, ఎల్.సి. నంబరు, అన్నీ పడాలి.

తప్పు జరిగే చోట్లు దాదాపు ప్రతిసారీ అవే. ఒకటి, పేరు. కొత్తపాలెం అన్న ఊరు ఒకటి కాదు, ఆ పేరుతో ఫీడర్లూ ఒకటి కాకపోవచ్చు. అందుకే పేరుతో పాటు సబ్‌స్టేషన్ పేరు, ఫీడరు నంబరు చెప్పాలి. విన్నవాళ్లు అదే తిరిగి చదివి వినిపించాలి. "సరే సరే" అంటే సరిపోదు. ఇంకోటి, ఒకే ఫీడరు మీద రెండు చోట్ల రెండు బృందాలు పనిచేయడం. ఇద్దరూ విడివిడిగా ఎల్.సి. తీసుకోవాలి, రెండూ తిరిగొచ్చాకే ఛార్జ్ చెయ్యాలి. ఒకరు "అయిపోయింది" అన్నారని రెండో వరుస చూడకుండా బ్రేకరు వేస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎల్.సి. ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగివ్వాలి. పక్కనున్న హెల్పరు ఫోన్ చేసి చెబితే చెల్లదు. తిరిగిచ్చేటప్పుడు "మనుషులంతా దిగారు, పనిముట్లు, ఎర్త్ రాడ్లు తీసేశాం, టైము 13.20" అని పూర్తి వాక్యాల్లో చెప్పాలి, అది రిజిస్టరులోకి ఎక్కాలి.

ఎల్.సి. చేతిలో ఉన్నా పనిచేసే చోట లైను టెస్ట్ చేసి రెండువైపులా ఎర్త్ చెయ్యాల్సిందే. గుంటల మీద జనరేటర్లు ఎక్కువున్న పల్లెల్లో, ఛేంజోవర్ (లైను కరెంటు నుంచి జనరేటరుకి మార్చే స్విచ్చి) సరిగ్గా లేని ఒక్క జనరేటరు చాలు, ఆపిన లైనులోకి వెనక నుంచి కరెంటు రావడానికి. సబ్‌స్టేషన్ కాగితానికి ఆ జనరేటరు సంగతి తెలియదు కదా.

వాట్సాప్ గ్రూపు

ఒక మెసేజికి ఒకే సంగతి. మూడు సంగతులు కలిపి పంపితే మొదటిదానికి జవాబొస్తుంది, మిగతా రెండూ మునిగిపోతాయి. ఫోటో పంపితే కింద ఒక లైను రాయాలి. పగిలిన పైపు ఫోటో ఒక్కటే పంపితే ఏ గుంట పైపో ఎవరికి తెలుస్తుంది? వాయిస్ మెసేజిలో అంకెలు, కొలతలు చెప్పకండి. రేపు వెతికితే దొరకవు, మర ఆడే చోట వినపడవు.

గ్రూపులో రెండు నీలం టిక్కులు రావాలంటే అందరూ చదవాలి. ఒక్కరు చదవకపోయినా రావు. ఎవరు చదివారో చూడాలంటే మెసేజిని నొక్కి పట్టుకుని ఇన్ఫోలోకి వెళ్లండి. అయినా చదవడం వేరు, ఒప్పుకోవడం వేరు. బొటనవేలు గుర్తు కూడా ఒప్పుకున్నట్టు కాదు, "చూశాను" అని మాత్రమే. పని అప్పజెప్పినప్పుడు "అందింది, 10 లోపల చేస్తాను" అని రాయమని అలవాటు చెయ్యండి.

పంపిన 15 నిమిషాల దాకా మెసేజిని సరిదిద్దుకోవచ్చు. కానీ అప్పటికే చదివేసిన మనిషి మళ్లీ తిరిగి చూడడు. అక్షర దోషమైతే దిద్దండి. అంకె తప్పయితే దిద్దకండి, కొత్త మెసేజి పెట్టండి: "సవరణ: 09.10కి పంపిన మెసేజిలో 40 కిలోలు అన్నది తప్పు. 14 కిలోలు." వారం పాటు కనపడాల్సిన సంగతిని పిన్ చేయండి. పిన్‌కి 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు గడువులున్నాయి. పని గ్రూపులో మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆపేసి ఉంచాలి.

ఆఫీసు మెమో

మెమో పైనుంచి కిందకి వచ్చేది. కింది ఉద్యోగి పై అధికారికి రాసేది లేఖే, మెమో అనిపించుకోదు. ఒకే సంగతి అందరికీ పంపితే సర్క్యులర్. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి వెళ్లేది యు.ఓ. (అనఫిషియల్) నోటు. ఫలానా అధికారి స్వయంగా పట్టించుకోవాలని పేరు పెట్టి, "నేను" అంటూ రాసేది డి.ఓ. (డెమీ అఫిషియల్) లేఖ. ఈ తేడా తెలియక పై అధికారికి మెమో భాషలో రాసి చీవాట్లు తినే కొత్త గుమస్తాలు ప్రతి ఏడూ ఉంటారు.

ప్రైవేటు ప్లాంటులో అయినా చట్రం ఇదే:

మెమో నం. 14 తేదీ: 18-11-2025
విషయం: రాత్రి షిఫ్టు అప్పగింత సమయం మార్పు గురించి.
సూచిక: షిఫ్టు రిజిస్టరు, పేజీ 42, తేదీ 03-11-2025.
20-11-2025 (గురువారం) నుంచి రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్లు 21.45కి హాజరై, పగటి షిఫ్టువారితో కలిసి రిజిస్టరు చదివి, ఇద్దరూ సంతకాలు చేయాలి. సంతకాలు లేని రోజున అప్పగింత జరగనట్టే పరిగణిస్తాం.
(సంతకం) ప్లాంట్ మేనేజరు
నకలు: టైం ఆఫీసు, నోటీసు బోర్డు.

విషయం గడిలో "గురించి" ముందున్న మాటలు చదివితే మెమో దేనిదో పూర్తిగా తెలిసిపోవాలి. "ముఖ్య గమనిక" అని రాస్తే ఏడాది తర్వాత ఫైల్లో దాన్ని ఎలా వెతుకుతారు?

సర్కారీ తెలుగులో ఆజ్ఞకి మెట్లున్నాయి. "కోరడమైనది" అంటే విన్నపం. "చేయగలరు" మర్యాదతో కూడిన ఆదేశం. "చేయవలెను", "ఆదేశించడమైనది" అంటే తిరుగులేనివి. వీటిలో చిక్కు "గలరు"తోనే. "హాజరు కాగలరు" అన్నదాన్ని వీలైతే రమ్మన్నారని చదివేవాళ్లున్నారు, రాకపోతే దాన్నే సాకుగా చూపేవాళ్లూ ఉన్నారు. రాకపోతే చర్య ఉంటుందనుకున్నప్పుడు "హాజరు కావాలి" అనే రాయండి. "తగు చర్య తీసుకోగలరు" అన్న వాక్యాన్ని మాత్రం వదిలెయ్యండి. ఏ చర్యో తెలియకనే రాసినట్టుంటుంది అది.

మెమో మీకే వస్తే

తీసుకోండి. "అందింది", తేదీ, గంట రాసి సంతకం పెట్టండి. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కాగితం చేరిందనడానికి గుర్తు, అంతే. తీసుకోనని మొండికేస్తే సాక్షుల సంతకాలతో అదే మరో ఆరోపణ అవుతుంది. తర్వాత అది సమాచారం కోసం వచ్చిందా, సంజాయిషీ అడుగుతోందా, ఆరోపణలు మోపే ఛార్జ్ మెమోనా చూడండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులయితే 1991 నాటి సీసీఏ (క్లాసిఫికేషన్, కంట్రోల్, అప్పీల్) నిబంధనల్లో ఏ నిబంధన కింద ఇచ్చారో ముందు చూడాలి. 20వది పెద్ద శిక్షలకి సంబంధించిన దారి, 22వది చిన్న శిక్షలది.

సంజాయిషీలో మొదటి వాక్యం మెమో నంబరు, తేదీ. తర్వాత వాళ్లు అడిగిన వరుసలోనే అంశానికో పేరా. అడగనిది చెప్పకండి. "నా వల్ల పొరపాటు జరిగి ఉంటే క్షమించగలరు" అని మర్యాదకి ముగించే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. ఫైల్లో అది ఒప్పుకోలుగానే చదువుతారు. కాగితాలు వెతకడానికి టైము కావాలంటే గడువు ముగిసేలోగా రాతపూర్వకంగా అడగండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వాట్సాప్ మెసేజే మీ ఆధారమైతే స్క్రీన్‌షాట్‌తో ఊరుకోకుండా అసలు మెసేజి ఉన్న ఫోన్‌ని జాగ్రత్తగా ఉంచుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలుని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి.

రిజిస్టరు, పెన్ను

విడి కాగితాలొద్దు. బైండు చేసిన, పేజీ నంబర్లున్న పుస్తకం కావాలి. చించితే తెలిసిపోవాలి. రొయ్యల ప్లాంటులో, ఐస్ ఫ్యాక్టరీలో చేతులు తడిగా ఉంటాయి కనుక జెల్ పెన్ను పనికిరాదు, చెమ్మకి అక్షరాలు అలుక్కుపోతాయి. మామూలు బాల్ పెన్ను చాలు. తప్పు రాస్తే ఒకే గీతతో, కింద మాట కనపడేలా కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాలి. వైట్‌నర్ పూస్తే కింద ఏముందో అన్న అనుమానం మొత్తం పేజీకి అంటుకుంటుంది. వరుసల మధ్య ఖాళీ వదలకండి. తర్వాత ఎవరైనా ఇరికించడానికి చోటిచ్చినట్టవుతుంది. పేజీ సగంలో రోజు ముగిస్తే మిగతా భాగానికి అడ్డగీత గీయండి.

షిఫ్టు దిగేవాళ్లు ఆఖరి నిమిషంలో కాకుండా 15 నిమిషాల ముందే రాయడం మొదలుపెట్టాలి. అన్నిటికంటే పైన రాయాల్సింది సగంలో ఉన్న పని. అయిపోయినవాటి చిట్టా కింద రాసుకోవచ్చు. పొద్దున వచ్చిన మనిషి ముందుగా చెయ్యి పెట్టేది ఆ సగంలో ఉన్న పని మీదే.